డిస్టింక్షన్ కోసం ఫొటోల సెట్ రెడీ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి ఫొటో మిత్రుల్లో ఎవరో ఒకరు వారానికోసారి ఫోన్ చేసి "అన్నా, ఎల్ఆర్‌పీఎస్‌కి పంపుదామనుకుంటున్నా, 10 ఫొటోలు చాలంట కదా" అంటున్నారు, అందరికీ విడివిడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నా. ఎల్ఆర్‌పీఎస్ అంటే బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ మన ఫొటోల సెట్ చూసి ఇచ్చే గుర్తింపుల్లో మొదటి మెట్టు, ఆ గుర్తింపుల్నే డిస్టింక్షన్స్ అంటారు. నేను గుంటూరులో లెక్కల టీచర్ని, ఫొటోగ్రఫీ నాకు ఆదివారాల పని. మొదటిసారి పంపినప్పుడు రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదే ఇక్కడ ఎక్కువ ఉంటుంది.

అసలు డిస్టింక్షన్ అంటే ఏంటి? పోటీనా?

పోటీ కాదండి. ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు ఉండవు, మీ ఫొటోల్ని పక్కవాళ్ల ఫొటోలతో పోల్చరు. ఒక స్థాయి అని పెట్టుకుంటారు, మీ సెట్ ఆ స్థాయికి వచ్చిందా లేదా అని చూస్తారు, అంతే. డ్రైవింగ్ లైసెన్స్ టెస్టు లాంటిది అనుకోండి, ఆ రోజు ఎంతమంది పాసైనా మీకొచ్చిన నష్టం లేదు.

నేను ఇక్కడ చెప్పేది ముఖ్యంగా బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఇచ్చే డిస్టింక్షన్స్ గురించి. 1853లో లండన్‌లో మొదలైన సొసైటీ అది. మన దగ్గర చాలామంది పేరు చివర ఎల్ఆర్‌పీఎస్, ఏఆర్‌పీఎస్ అని పెట్టుకుంటారు చూశారా, అవి వీళ్లిచ్చేవే. ఒక్క మాట, ఆ అక్షరాలు పేరు పక్కన వాడుకోవాలంటే సభ్యత్వం నడుస్తూ ఉండాలి.

ఎల్, ఏ, ఎఫ్ అంటారు, తేడా ఏంటి?

ఎల్ఆర్‌పీఎస్ అంటే లైసెన్షియేట్, 10 ఫొటోలు. ఏఆర్‌పీఎస్ అంటే అసోసియేట్, 15 ఫొటోలు, వాటితోపాటు మీ ఉద్దేశం ఏంటో 150 మాటలు దాటకుండా రాసిన స్టేట్‌మెంట్. ఎఫ్ఆర్‌పీఎస్ అంటే ఫెలోషిప్, అన్నిటికన్నా పైది, 20 ఫొటోల దగ్గర ఉంటుంది, దానికీ స్టేట్‌మెంట్ కావాలి. చరిత్రలో మాత్రం పైనుంచి కిందికి వచ్చాయి, ఫెలోషిప్ 1895లో, అసోసియేట్ 1924లో, లైసెన్షియేట్ 1972లో.

అసలు తేడా లెక్కలో లేదు. ఎల్ లెవెల్లో "ఈ మనిషికి కెమెరా వచ్చా, వెలుగు చూడటం వచ్చా, రకరకాల సందర్భాల్లో ఫొటో తీయగలడా" అని చూస్తారు. ఏఆర్‌పీఎస్ లెవెల్లో ఒక సబ్జెక్ట్ పట్టుకుని 15 ఫొటోలపాటు నిలబెట్టగలరా అని చూస్తారు. ఎఫ్‌కి వచ్చేసరికి ఆ ఫొటోల మీద మీ ముద్ర కనపడాలి, ఇంకెవరూ అలా తీసి ఉండరు అనిపించాలి.

ఏఎఫ్ఐఏపీ కూడా ఇలాంటిదే కదా?

కాదు, ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. ఎఫ్ఐఏపీ అనేది 1950లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మొదలైన అంతర్జాతీయ సమాఖ్య, మన దేశం నుంచి ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ అందులో సభ్యురాలు. వాళ్ల ఏఎఫ్ఐఏపీ, ఈఎఫ్ఐఏపీ బిరుదులకు ప్రధానంగా సలోన్లలో, అంటే ఫొటో పోటీల్లో, మీ ఫొటోలకు వచ్చిన యాక్సెప్టెన్సులు (ఎంపికలు) లెక్కేస్తారు, ఎన్ని సలోన్లు, ఎన్ని దేశాలు, ఎన్ని వేర్వేరు ఫొటోలు అని. అక్కడ ఒక్కో ఫొటో ఒంటరిగా గెలుస్తుంది. ఇక్కడ ఫొటోలన్నీ కలిసి పాసవ్వాలి. రెండు దారులూ మంచివే కానీ ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదానికి వెంటనే పనికిరాదు.

సలోన్లలో మెడల్స్ వచ్చిన 10 ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. అవే పంపేస్తే సరిపోతుందా?

నేను మొదటిసారి చేసింది దాదాపు ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెప్తా.

సలోన్‌లో జడ్జి ముందు మీ ఫొటో కొద్ది సెకన్లే ఉంటుంది. ఆ కాసేపట్లో కళ్లు లాగాలి కాబట్టి అలవాటుగా మనం కాంట్రాస్ట్ పెంచుతాం, రంగులు పెంచుతాం, మూలలు చీకటి చేస్తాం, మధ్యలో వెలుగు పెడతాం. ఒక్కటిగా చూస్తే బాగానే ఉంటుంది. అలాంటివి 10 పక్కపక్కన పెట్టి చూడండి, పది మంది ఒకేసారి గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఒక్కరి మాటా వినపడదు.

నా మొదటి సెట్‌లో ఏమున్నాయంటే ఉప్పలపాడులో గూడబాతు (పెలికాన్) ఎగురుతున్నది, లంబసింగి మంచు, పోచంపల్లి మగ్గం దగ్గర ముసలాయన, బతుకమ్మ, వైజాగ్ ఫిషింగ్ హార్బర్ పొద్దున్నే, ఇలా. దేనికది బాగానే ఉంది, ఆరింటికి ఏదో ఒక అవార్డు కూడా వచ్చింది. కానీ వాటిని ఒక గోడ మీద పెడితే ఒకే మనిషి తీసినట్టు అనిపించలేదు, పైగా మూడు ఫొటోల్లో ఒకే ట్రిక్కు ఉంది, చీకటి గదిలో కిటికీ పక్కన మొహం. వెరైటీ ఉందనుకున్నా కానీ సబ్జెక్టులు మారాయి తప్ప నేను చూసిన తీరు మారలేదు. వచ్చిన ఫీడ్‌బ్యాక్‌లో కూడా మర్యాదగా అదే మాట ఉంది.

కాబట్టి మెడల్ వచ్చిన ఫొటోని తీసేయమని కాదు, దానికి మెడల్ వచ్చిందన్న సంగతి మర్చిపోయి చూడమని. సెట్‌లో ఇమిడితే ఉంచండి, ఇమడకపోతే ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టాలి. నా గూడబాతు ఫొటో ఈ రోజుకీ హాల్లో గోడ మీద ఉంది, సెట్‌లోకి మాత్రం రాలేదు.

ఎల్‌కి 10 ఫొటోలూ ఒకే సబ్జెక్ట్ అవ్వాలా?

అవసరం లేదు. ఒకే సబ్జెక్ట్ మీద పెట్టొచ్చు, కలగలుపుగానూ పెట్టొచ్చు. ఒకే సబ్జెక్ట్ పెడితే సెట్ ఒకటిగా కనపడటం తేలిక కానీ అందులోనే వెరైటీ చూపించాల్సి వస్తుంది, దూరం నుంచి, దగ్గర నుంచి, కదులుతున్నది, ఆగి ఉన్నది, రకరకాల వెలుగు. కలగలుపు పెడితే వెరైటీ దానంతటదే వస్తుంది, కలిపే దారం మాత్రం మీరు వెతుక్కోవాలి, అది రంగు కావచ్చు, వెలుగు కావచ్చు, మనుషులు కావచ్చు. నా రెండో సెట్ మొత్తం చేతిపని చేసేవాళ్లు, కొండపల్లి బొమ్మల నుంచి లాడ్ బజార్ గాజుల దాకా. కెమెరా సెట్టింగులు ఒక్కోదానికి ఒక్కోలా ఉన్నాయి కానీ చూసినవాళ్లకి ఒకే మనసుతో తీసినట్టు తెలుస్తుంది.

ఎన్ని ఫొటోల నుంచి మొదలుపెట్టాలి? ఎలా ఏరాలి?

ఒక 40, 50 నుంచి మొదలుపెట్టండి. అన్నీ 4x6 సైజులో మామూలు ప్రింట్లు వేయించండి, దగ్గర్లో ఏ స్టూడియోలో అయినా వేస్తారు, ఖర్చు పెద్దగా ఉండదు. కంప్యూటర్‌లో చూసి ఏరడం వేరు, చేత్తో పట్టుకుని నేల మీద జరుపుతూ ఏరడం వేరు, దయచేసి ఈ ఒక్క పని మాత్రం స్క్రీన్ మీద చేయకండి.

నేను హాల్లో ఫ్యాన్ ఆపేసి చాప మీద 46 ప్రింట్లు పరిచా. రోజూ స్కూల్ నుంచి వచ్చి రెండు తీసేసేవాణ్ణి, కారణం ఆ ప్రింట్ వెనకే పెన్సిల్‌తో రాసేవాణ్ణి, "వెనకాల స్తంభం తలలోంచి వచ్చింది", "చేతి వేళ్లు షేక్", "ఇది 12వ దానిలాగే ఉంది" ఇలా. 20కి వచ్చాక ఆగిపోయా, ఇంక ఏదీ తీయబుద్ధి కాలేదు. అప్పుడు మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అటు పోతూ నిలబడి చూసి "ఈ తాత రెండుసార్లు ఎందుకున్నాడ్రా" అంది. నేను లేడు అన్నా. ఆవిడ వంగి రెండు ప్రింట్లు చూపించింది, ఒకదాంట్లో తలపాగా ఉంది, ఒకదాంట్లో లేదు, వేరే రోజు తీసినవి, కానీ అదే మనిషి, అదే ఉలి, అదే తెల్ల పొణికి చెక్క. ఆరు నెలలుగా ఆ రెండూ నా కళ్ల ముందే ఉన్నా నాకు కనపడలేదు. మనం తీసిన ఫొటో చూస్తే మనకి ఆ రోజు, ఆ ఎండ, ఆయన పెట్టిన టీ గుర్తొస్తాయి, చూసేవాళ్లకి అవేవీ ఉండవు, వాళ్లకి కాగితం మీద ఉన్నదే ఉంటుంది. అందుకే ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒక్క మనిషికైనా చూపించాలి.

ఇంకో సంగతి. సెట్ బలం ఎప్పుడూ అందులో అన్నిటికన్నా బలహీనమైన ఫొటో దగ్గర తేలుతుంది. తొమ్మిది అద్భుతంగా ఉండి ఒకటి "పర్లేదులే" అనిపిస్తే చూసేవాళ్ల కన్ను ఆ ఒక్కదాని దగ్గరే ఆగుతుంది. పదోది లేకపోతే ఏదో ఒకటి పెట్టేయకుండా మళ్లీ కెమెరా పట్టుకుని బయటికి వెళ్లండి. నాకు పదోది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది.

లేఅవుట్ అంటే ఏంటి, అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం, దాన్ని హ్యాంగింగ్ ప్లాన్ అని కూడా అంటారు. 10 ఫొటోలూ గోడ మీద ఏ వరసలో ఉంటాయో చూపించే ఒక చిన్న బొమ్మ. అసెసర్లు, అంటే సెట్ చూసి పాసా కాదా తేల్చేవాళ్లు, మొదట సెట్ మొత్తాన్ని ఒకేసారి చూస్తారు, తర్వాత ఒక్కొక్కటి దగ్గరగా చూస్తారు, మళ్లీ మొత్తంగా చూస్తారు. అంటే మీ గురించి మొదటి అభిప్రాయం లేఅవుట్ చూసినప్పుడే ఏర్పడుతుంది.

ఎక్కువమంది పైన 5, కింద 5 పెడతారు. మా ఇంట్లో పెళ్లి ఫొటోకి మనుషుల్ని నిలబెట్టినట్టే ఇదీ, ఎత్తువాళ్లు ఎక్కడ, పిల్లలు ఎక్కడ, చివర్లో ఉన్నవాళ్లు కొంచెం లోపలికి తిరగండి అంటాం కదా. సరిగ్గా అలాగే ఎడమ చివర ఉన్న ఫొటోలో మనిషి కుడివైపు చూడాలి, కుడి చివర ఉన్నదాంట్లో ఎడమవైపు చూడాలి, అప్పుడు కన్ను బయటికి జారిపోదు. నేను ఒకసారి అంతా సర్దేసి చాలా తృప్తిగా ఉంటే మా ఆవిడ చూసి "కింద వరసలో అందరూ ఒకేవైపు చూస్తున్నారు, బస్సు కోసం నిలబడ్డట్టు" అంది. నిజమే, ఐదుగురూ ఎడమవైపే. రెండు ఫొటోలు మార్చితే వరస మొత్తం నిలబడింది.

(ఇలాంటప్పుడు ఫొటోని అద్దంలోలా తిప్పేద్దాం అనిపిస్తుంది. తిప్పొద్దు. చొక్కా గుండీలు, వెనకాల బోర్డు మీద అక్షరాలు, ఎడమచేతి వాటం అన్నీ పట్టిస్తాయి.)

నిలువు ఫొటోలు, అడ్డం ఫొటోలు రెండూ ఉంటే అవి అటూ ఇటూ సమంగా రావాలి, ఉదాహరణకి పైవరసలో రెండు చివర్లా నిలువువి ఉంటే కిందా అలాగే పెట్టి చూడండి. బాగా చీకటి ఫొటోలన్నీ ఒకవైపు చేరితే సెట్ అటు ఒరిగినట్టు ఉంటుంది, త్రాసులాగా. ఎర్ర రంగు గట్టిగా ఉన్న ఫొటో ఒక్కటే ఉంటే దాన్ని మధ్యకి తేవడమో, అవతలివైపు ఇంకో ఎరుపు పెట్టడమో చేయాలి. ఇవన్నీ సూత్రాలు కావు, కళ్లు చికిలించి దూరం నుంచి చూస్తే మీకే తెలిసిపోతుంది. ఫోన్‌తో ఆ చాప మీది సెట్‌ని ఫొటో తీసి గోరంత సైజులో చూడండి, తప్పు ఎక్కడుందో టక్కున కనపడుతుంది.

టెక్నికల్‌గా ఏమేం పట్టుకుంటారు?

అసెసర్లు ఏళ్ల తరబడి వేల ఫొటోలు చూసినవాళ్లు, దొరకదులే అనుకున్నది కచ్చితంగా దొరుకుతుంది. ఎక్కువగా దొరికిపోయేవి చెప్తా.

ఒకటి సెన్సార్ మీద దుమ్ము. ఆకాశం, సముద్రం, మంచు ఉన్న ఫొటోల్లో చిన్న బూడిదరంగు చుక్కలుంటాయి, లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్ 11, ఎఫ్ 16 దగ్గర తీస్తే ఇంకా స్పష్టంగా వస్తాయి. సూర్యలంక బీచ్‌లో తీసిన ఒక ఫొటోలో నాకు 17 చుక్కలు దొరికాయి, మామూలుగా చూసినప్పుడు ఒక్కటీ కనపడలేదు. ఫొటోని 100 శాతం జూమ్ చేసి పైన ఎడమ మూల నుంచి పుస్తకం చదివినట్టు వరసగా కిందిదాకా చూసుకుంటూ రండి, ఒక్కో ఫొటోకి పది నిమిషాలు పట్టినా సరే.

రెండోది అంచుల చుట్టూ తెల్లగీత. క్లారిటీ, షార్ప్‌నెస్ ఎక్కువ లాగితే చార్మినార్ మినార్ల చుట్టూ ఆకాశంలో తెల్లటి హాలో వస్తుంది. ఫోన్లో చూస్తే పదునుగా ఉందనిపిస్తుంది, పెద్దగా చూస్తే వికారంగా ఉంటుంది. మనవాళ్ల ఫైళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

తెల్లగా కాలిపోయిన చోట్లు కూడా చూసుకోండి, తెల్ల పంచె, తెల్ల కొంగ, కిటికీ వెలుగు. అక్కడ డిటైల్ లేకపోతే కాగితం తెలుపు తప్ప ఇంకేమీ రాదు. నీడల్ని మరీ పైకి లాగితే నాయిస్, రంగురంగుల మచ్చలు వస్తాయి. ఇంక ఒరిగిన హొరైజన్, మనిషి తలలోంచి మొలిచిన కరెంటు స్తంభం, ఫ్రేము అంచున సగం తెగిన చెయ్యి, మూలలో ఎవరిదో చెప్పు, ఇవి టెక్నికల్ అనాలో చూపు అనాలో గానీ వీటికీ మార్కు పోతుంది.

చర్మం రంగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనవాళ్ల చామనఛాయని కొందరు తెల్లగా చేసేస్తారు, కొందరు నారింజ రంగు చేసేస్తారు. ఎండలో పనిచేసిన మొహాన్ని ఉన్నదున్నట్టు చూపించడంలో ఉన్న అందం ఏ ప్రీసెట్‌లోనూ (రెడీమేడ్ ఎడిటింగ్ సెట్టింగ్) రాదు.

ఫోన్‌తో తీసినవి పెట్టొచ్చా? ఖరీదైన కెమెరా కావాలా?

ఏ కెమెరా అని ఎవరూ అడగరు. ఫైలు క్వాలిటీ ఆ సైజులో నిలబడాలి, అంతే. పగటి వెలుగులో తీసిన ఫోన్ ఫొటో నిలబడొచ్చు, సాయంత్రం జూమ్ చేసి తీసింది నిలబడదు. నా సెట్‌లో సగం పాత క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్ ఉన్న) కెమెరా బాడీ, 50 ఎంఎం లెన్స్‌తో తీసినవే.

కలర్, బ్లాక్ అండ్ వైట్ కలపొచ్చా?

కలపకూడదని రూలు లేదు కానీ కలిపితే సెట్ రెండు ముక్కలైపోయే ప్రమాదం ఉంది. 8 కలర్, 2 బ్లాక్ అండ్ వైట్ పెడితే ఆ రెండూ చుట్టాలింట్లో కొత్తవాళ్లలా ఉంటాయి. మొదటిసారి పంపేవాళ్లయితే ఏదో ఒకటే ఎంచుకోండి. అన్నట్టు, రంగు బాలేదు కాబట్టి బ్లాక్ అండ్ వైట్ చేశా అన్న ఫొటో చూడగానే తెలిసిపోతుంది.

ఫొటోషాప్ ఎంతవరకు? ఏఐతో ఆకాశం మార్చొచ్చా?

మూలసూత్రం ఒక్కటే, ఫొటోలో ఉన్న ప్రతిదీ మీరు తీసిందే అయి ఉండాలి. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఆకాశం, ఏఐ పుట్టించిన పక్షులు, యాప్‌లో వచ్చే మబ్బులు మీవి కావు కాబట్టి పెట్టకూడదు. మీ ఫొటోలే రెండు కలిపి ఒక కళాఖండంలా చేయడం వేరే సంగతి, అది మీ సబ్జెక్ట్‌ని బట్టి నడుస్తుంది. వైల్డ్‌లైఫ్, డాక్యుమెంటరీ లాంటి వాటిల్లో మాత్రం ఉన్నది తీసేయడం, లేనిది చేర్చడం అసలు కుదరదు. ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్, క్రాప్, దుమ్ము చుక్కలు తీయడం మామూలే.

రా ఫైళ్లు (కెమెరాలోంచి నేరుగా వచ్చిన అసలు ఫైళ్లు) మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, అడిగితే చూపించాలి. నాకు తెలిసిన ఒకాయన జాగా చాలట్లేదని జేపెగ్‌లు మాత్రం ఉంచి మిగతావన్నీ డిలీట్ చేశారు, మంచి ఫొటోలు మూడు మళ్లీ ప్రాసెస్ చేయడానికి లేకుండా పోయాయి.

ఫొటో టూర్‌లో, వర్క్‌షాప్‌లో తీసినవి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఆలోచించుకుని పెట్టండి. మన దగ్గర టూర్లలో జరిగేది అందరికీ తెలుసు, ఒక తాతగారిని కూర్చోబెడతారు, చేతిలో లాంతరు, వెనకాల పొగ, పక్కన మేక, 20 మంది ఒకే చోట నిలబడి తీస్తారు. ఆ వెలుగు ఎవరు పెట్టారు, ఆ మనిషిని ఎవరు కూర్చోబెట్టారు, ఎక్కడ నిలబడాలో ఎవరు చెప్పారు అన్నీ నిర్వాహకుడే. అదే ఫొటో ఇంకో పది మంది సెట్లలో కూడా వస్తుంది, అసెసర్లు ముందే చూసి ఉంటారు.

నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మన ఊళ్లలో నిజంగా పని చేసుకుంటున్న మనుషులు అడుగడుగునా ఉంటే పొగ పెట్టి బొమ్మలా కూర్చోబెట్టిన మనిషిని పట్టుకుని "ఇదీ మన పల్లె" అని ప్రపంచానికి చూపిస్తున్నాం. హైదరాబాద్ ఫొటోగ్రాఫర్ బండి రాజన్ బాబు గారు గిరిజనుల జీవితాన్ని తీసిన ఫొటోలు ఒకసారి వెతికి చూడండి, మనుషుల మధ్య తిరిగి తీస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మనుషుల్ని తీసినప్పుడు పర్మిషన్?

అడగండి. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగండి. నేను ప్రతి ఒక్కరికీ ఒక ప్రింట్ తీసుకెళ్లి ఇస్తా, రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లు కెమెరాని పట్టించుకోవడం మానేస్తారు, మంచి ఫొటోలు అప్పుడే వస్తాయి.

ప్రింట్లు పంపాలా, డిజిటల్ పంపాలా?

రెండూ ఉన్నాయి, మీ ఇష్టం. ఇండియా నుంచి పంపేవాళ్లకి డిజిటల్ సుఖం, పోస్టులో మూలలు నలుగుతాయన్న బెంగ ఉండదు. ఫైలు సైజు, పిక్సెళ్లు, పేరు ఎలా పెట్టాలి అన్నది వాళ్ల గైడ్‌లైన్స్‌లో ఉంటుంది, అక్షరం తప్పకుండా అలాగే చేయండి. కలర్ స్పేస్ ఎస్ఆర్‌జీబీలోకి మార్చి సేవ్ చేయండి, అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే వేరే స్క్రీన్ మీద రంగులు చచ్చిపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

ప్రింట్ల దారి పడితే మాత్రం ఇది చదవండి. మొదటిసారి నేను ప్రింట్లే పంపా. స్క్రీన్ మీద చక్కగా ఉన్న ఫొటోలు ల్యాబ్ నుంచి చీకటిగా వచ్చాయి, తప్పు ల్యాబ్‌ది అనుకున్నా. అసలు కారణం నా మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టుకుని ఎడిట్ చేయడం, అంత వెలుగు కాగితానికి ఎక్కడినుంచి వస్తుంది? మానిటర్‌ని క్యాలిబ్రేట్ చేసుకోండి, అంటే వెలుగు, రంగులు సరైన కొలతకి తెచ్చుకోండి, ఆ పరికరం ఊళ్లో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది, ఒకరోజు అడిగి తెచ్చుకోండి. ల్యాబ్‌ని వాళ్ల పేపర్ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడగండి, సాఫ్ట్ ప్రూఫ్ చేసి, అంటే ప్రింట్ ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూడండి. అడిగితే "అవసరం లేదు సార్, మిషనే కరెక్ట్ చేస్తుంది" అనే ల్యాబ్‌లో ఈ పని చేయించొద్దు, నాకు అలా మిషన్ కరెక్ట్ చేసిన ఒక ప్రింట్‌లో నీడలన్నీ నీలంగా వచ్చాయి, హడావుడిలో అలాగే పంపేశా, ఫీడ్‌బ్యాక్‌లో ఆ నీలం గురించి రాశారు.

10 ప్రింట్లూ ఒకే కాగితం మీద, ఒకే రోజు వేయించండి. మ్యాట్ కాగితం మీద గాఢమైన నలుపు రాదు, మెత్తటి టోన్లకి బాగుంటుంది. లస్టర్, అంటే కొద్దిగా మెరిసే కాగితం, అన్నిటికీ సర్దుకుపోతుంది. మౌంటు (ప్రింట్ చుట్టూ పెట్టే అట్ట) తెలుపో లేత క్రీమో చాలు, రంగు మౌంట్లు వద్దు. వచ్చిన ప్రింట్లని ట్యూబ్‌లైట్ కింద చూసి సరే అనుకోకుండా పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడండి.

ఏఆర్‌పీఎస్‌కి స్టేట్‌మెంట్ ఎలా రాయాలి? నాకు ఇంగ్లీష్ అంతంతమాత్రం.

ముందు తెలుగులోనే రాయండి. ఆలోచన సరిగ్గా ఉంటే ఇంగ్లీష్‌లోకి మార్చడానికి ఇంట్లో పిల్లలైనా సాయం చేస్తారు, ఆలోచన లేకపోతే ఎంత మంచి ఇంగ్లీషైనా సాయం చేయదు.

ఉదాహరణకి మా గుంటూరు మిర్చి యార్డు మీద 15 ఫొటోల సెట్ అనుకుందాం. చాలామంది ఇలా మొదలుపెడతారు: "గుంటూరు మిర్చి ప్రపంచ ప్రఖ్యాతి గాంచింది. ఇక్కడి కార్మికుల కష్టాన్ని నా కెమెరాలో బంధించే ప్రయత్నం చేశాను." ఇందులో మీరు లేరు, ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయే వాక్యాలివి. దీని బదులు ఇలా రాయొచ్చు: "మా నాన్న సీజన్లో యార్డు నుంచి ఇంటికొస్తే ఆయన చొక్కా మేము ముట్టుకునేవాళ్లం కాదు, కళ్లు మండేవి. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు ఆ ఘాటులో పొద్దంతా ఎలా ఉంటారో చూడటానికి వెళ్లాను. మొహానికి చుట్టుకున్న తువ్వాలు, ఎర్రబడ్డ కళ్లు, గాల్లో తేలే దుమ్ము, వీటిలో ఆ ఘాటు కనపడేలా తీయాలనుకున్నాను." ఇప్పుడు అసెసర్‌కి మీరు ఏం చేయబోయారో తెలిసింది, 15 ఫొటోల్లో ఆ ఘాటు ఉందా లేదా అని చూస్తారు.

ఇక్కడే జాగ్రత్త. స్టేట్‌మెంట్‌లో ఏది చెప్తే దాన్ని బట్టే కొలుస్తారు. హమాలీల గురించి అని రాసి, 15లో ఐదు ఎర్రటి మిరపకాయల రాశులు పై నుంచి తీసినవి పెడితే చూడటానికి ఎంత బాగున్నా అవి మీ మాటకి సాక్ష్యం చెప్పవు. ఫొటోలు మారినప్పుడల్లా స్టేట్‌మెంట్ మళ్లీ చదవండి, స్టేట్‌మెంట్ మారితే ఫొటోలు మళ్లీ చూడండి. నేను ఇప్పుడు ఈ పనిలోనే ఉన్నా, స్టేట్‌మెంట్ తొమ్మిదోసారి తిరగరాస్తున్నా.

ముందుగా ఎవరికైనా చూపించొచ్చా?

తప్పకుండా. సొసైటీవాళ్లే సలహా ఇచ్చే సెషన్లు పెడతారు, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి, మన ఇంటి నుంచే మాట్లాడొచ్చు. ఇతరుల సెట్ల మీద చర్చ జరుగుతుంటే విన్నా చాలా నేర్చుకోవచ్చు, నాకు నా సెట్ మీద చెప్పిన దానికన్నా వేరేవాళ్ల సెట్ల మీద చెప్పింది ఎక్కువ ఉపయోగపడింది, మన ఫొటో కాదు కాబట్టి మనసు అడ్డుపడదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి అడిగితే "సూపర్ సార్", "కంగ్రాట్స్ ఇన్ అడ్వాన్స్" తప్ప ఇంకేమీ రాదు. ప్రేమతోనే అంటారు, కానీ దాన్ని సలహా అనుకోకండి. అలాగని పదిమందిని అడిగి పది రకాలుగా మార్చకండి, ఇద్దరు ముగ్గురు చాలు.

ఎంత టైమ్ పడుతుంది?

చేతిలో ఫొటోలు ఉన్నవాళ్లకి ఎల్‌కి ఆరు నెలలు పెట్టుకోండి, కొత్తగా తీయాలంటే ఏడాది. ఏఆర్‌పీఎస్ అయితే రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు, మిర్చి యార్డు లాంటి సబ్జెక్ట్ అయితే ఏడాదికి ఒకే సీజన్ దొరుకుతుంది మరి. అప్లికేషన్ తేదీ ముందే బుక్ చేసుకుని దానికోసం పరిగెత్తొద్దు, సెట్ రెడీ అయ్యాక తేదీ చూసుకోండి. ఖర్చు విషయానికొస్తే సభ్యత్వం, అప్లికేషన్ ఫీజు రెండూ పౌండ్లలో ఉంటాయి, ప్రింట్లయితే టెస్ట్ ప్రింట్లకీ కొరియర్‌కీ అదనం.

రాకపోతే?

మళ్లీ పంపొచ్చు. సెట్ దాదాపు సరిపోయి ఒకటి రెండు ఫొటోల దగ్గర ఆగితే అవి మార్చి పంపమని చెప్పే పద్ధతి కూడా ఉంది. ఫీడ్‌బ్యాక్ వచ్చిన రోజు చదివి పక్కన పెట్టేయండి, వారం తర్వాత మళ్లీ చదవండి. మొదటి రోజు నాకు అందులో "మీ ఫొటోలు బాలేవు" అని మాత్రమే కనపడింది, వారం తర్వాత చూస్తే "మూడు ఫొటోల్లో ఒకే ఆలోచన ఉంది, ఒకదాంట్లో రంగు తేడా ఉంది, వరస సరిచూసుకోండి" అని ఉంది, అంటే చేయాల్సిన పని మొత్తం వాళ్లే రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ మీద అద్దం కింద ఉంది.

పంపే ముందు రోజు ఏం చూసుకోవాలి?

ఫైళ్ల నంబర్లు, లేఅవుట్‌లో నంబర్లు ఒకటేనా అని. నావి 6, 7 తారుమారయ్యాయి, పంపడానికి గంట ముందు మా పాప చూసి చెప్పింది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద చూపించేటప్పుడు చీకటి ఫొటోల అంచులు కలిసిపోతున్నాయేమో చూసి, అవసరమైతే అన్నిటికీ ఒకే రకం సన్నటి గీత పెట్టండి, ఒక్కదానికే పెట్టకండి. ఎక్కడా మీ పేరు, వాటర్‌మార్క్ ఉండకూడదు. ఆఖరిగా ఫైళ్లని వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసి అప్పుడు అప్‌లోడ్ కొట్టండి.